మెడ మీది నంబరు

మా బామ్మర్ది హరిలాల్ తెచ్చిన బేరం వల్లే నా పొలం పోయిందని తండాలో అందరికీ చెప్పాను. కొనేవాణ్ని వాడే బెదరగొట్టాడని పెళ్లిళ్లలో, కల్లు దగ్గర, బస్సులో కూడా అన్నాను. అలా అన్న ప్రతిసారీ నా భార్య సక్రి అక్కడ ఉంటే తల వంచుకుని ఏదో ఒక పని అందుకునేది. హరిలాల్ ఆమె సొంత తమ్ముడు. అయినా నన్ను కాదనలేదు.

2006 ఎండాకాలంలో దమ్మపేట దగ్గర ఒక పశువుల కొట్టంలో పడి ఉన్న పాత మోటార్ సైకిల్ కొన్నాను. దానికీ సామాన్లకూ డబ్బు కావాలని, మా నాయన అడవి కొట్టి చేసిన పొలాన్ని తండాలో అప్పులిచ్చే దస్రు దగ్గర తాకట్టు పెట్టాను. బండి బాగుచేసి అమ్మి దసరాలోపు కడతాను, లేకుంటే పొలం నీదే అని కాగితం రాశాను. పంపుసెట్లు బాగుచేసే చేయి నాది, బండి ఎంత అనుకున్నాను.

ఎవరో బండినిండా బ్రష్షుతో నల్ల రంగు పూశారు. యెజ్డి బండి అనుకున్నాను. సక్రి పొద్దంతా పత్తి చేలో కలుపు తీసి వచ్చి, బువ్వ వండి, గిన్నెలు తోమి, ఆ తర్వాత కిరోసిన్ గుడ్డతో బండి ముందు కూర్చునేది. కార్బురేటర్‌లోని ఇత్తడి ముక్కల్ని చింతపండు పెట్టి తోమింది. ట్యాంకు మీద నలుపు కింద ముదురు ఎరుపు తేల్చింది. ఇంజను మీద మట్టి గోరుతో గీకి, "ఇది యెజ్డి గాదు, జావా అని రాసుంది చూడు" అంది. ఆమె ఏడు దాకా చదివింది, నేను నాలుగు.

జావా యెజ్డి కంటే పాతది, రేటు ఎక్కువ. హరిలాల్ ఖానాపురం హవేలి నుంచి హరిప్రసాద్ అనే బ్యాంకు సారును తెచ్చాడు. వాళ్ల నాన్నకు అచ్చం అలాంటి బండే ఉండేదట. "చూడంగనే పట్టిన సార్, జావా అని," అన్నాను. సక్రి టీ ఇచ్చి లోపలికి పోయింది. ఆ రోజే కూరలో కిరోసిన్ వాసన వస్తుందని కంచం నెట్టేశాను.

రంగు వేసే ముందు ఏన్కూరులో గ్రైండింగ్ మిషన్ అడిగి తెచ్చాను. హ్యాండిల్ కింద, బండి మెడ మీద, తుప్పు గట్టిగా ఉంది.

"ఆడ మిషన్ పెట్టకు, నంబరుంది," అంది సక్రి.

"నీకేం ఎరుక? పో, చాయ్ పెట్టు."

నున్నగా చేశాను. రంగు అద్దంలా కూర్చుంది.

బండి తీసుకుపోదామని వచ్చిన రోజు సారు బండితో వచ్చిన పాత ఆర్సీ పట్టుకుని వంగి మెడ తడిమాడు. "ఛాసిస్ నంబరేదయ్యా?" అన్నాడు.

"మా ఆడది గీకింది సార్. వద్దన్నా మిషన్ పట్టింది."

"ఏందే అక్కా, గంత పని చేసినవ్!" అని హరిలాల్ నవ్వాడు. సారు నవ్వలేదు. నంబరు లేని బండిని దొంగబండి అంటారని చెప్పి వెళ్లిపోయాడు. సక్రి ఖాళీ గ్లాసులు ఏరుకుంది.

మర్నాడు పొద్దున ఆమె నోటుబుక్కు కాగితం ఒకటి చూపించింది. పెన్సిల్ రుద్దిన నలుపులో తెల్లగా అంకెలు. బండ్ల కాగితాలు చేయించే ఏజెంట్లు నంబరు అలాగే తీస్తారని ఆమె ఏన్కూరులో చూసిందట. నేను మిషన్ తేవడానికి పోయినప్పుడు తీసి పెట్టిందట. ఆర్సీతో కలిసింది. దాన్ని చూపిస్తే ఆర్టీఓ ఆఫీసులో మళ్లీ నంబరు కొట్టిస్తారు.

చేయి చాపాను. "ఇయ్యి. దొరికిందని చెప్త."

"ఎట్ల దొరికిందని చెప్తవ్?"

"నువ్వు దాచిపెట్టినవని."

ఆమె కాగితం మడిచింది. "నేనే గీకిన అని చెప్పు. గంతే. అప్పుడిస్త. నీ వెంబడి వస్త."

సరేనన్నాను. బస్సుదాకా నడిచేటప్పుడు చెప్పింది, పెళ్లయ్యాక ఒక్కపట్టున అంతసేపు మాట్లాడడం అదే. నలుపు కింద ఎరుపు కనిపించిన రోజు ఎవరికైనా చూపించాలనిపించిందట. నేను ఊళ్లో లేనట. తెల్లారి చూపిస్తే తలెత్తకుండా ఇంకా రుద్దమన్నానట. సారు ముందు నేను చూడంగనే పట్టిన అన్నప్పుడు బాధపడలేదట, మొగోళ్లు అంటారు అనుకుందట. చేతులు పగిలి మిరపకాయ తుంచలేకపోయినప్పుడు కూడా ఏమీ అనిపించలేదట. చేసినదాన్ని చేయలేదన్నా ఊరుకుంది. చేయనిదాన్ని మెడకు కట్టినప్పుడు మాత్రం, ఆ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ చోట, తను ఈ ఇంట్లో ఎవరని తనలో తనే అడిగిందట.

ఖానాపురం హవేలిలో గేటు తీసి హరిప్రసాద్ సారు "ఏం రాందాస్?" అన్నాడు. సక్రి నా పక్కనే ఉంది. ఆమె చెప్పగలదు. నన్నే చూసింది.

"ఊకెనే సార్. ఇటు పోతుంటే కలుద్దామని."

తిరుగు బస్సులో కాగితం అడిగాను. కొంగున ముడి వేసుకుని, "ఇగ అడగకు. నీ పనిల నా చెయ్యి కూడ పెట్ట," అంది.

"మరి పొలం?"

"పోతే కూలికి పోత. కూలి చేసుడు నాకు కొత్తనా?"

దసరా దాటింది. నేనే గీకాను అనే రెండు మాటలు నోట రాక పోగొట్టుకున్నది ఎకరం పది కుంటలు.