పదకొండు లైన్ల భూదవ్వ

నీలం నగర్‌ల పొద్దుగాల తొమ్మిది గొట్టిందంటే సుందరాబాయి ఇంటి అరుగు నిండుతది. ఒడిల చాట, చాటల తంబాకు, పక్కన తడిగుడ్డల చుట్టిన ఆకు. సుందరాబాయి, ఆమె బిడ్డ ఋతుజ, ఎదురింటి గోదావరి, ఇంక భూదవ్వ. నలుగురు బీడీలు చుడుతరు. పక్క షెడ్డుల బట్ట నేసే సాంచాలు నడుస్తుంటయ్ గాబట్టి ఏది మాట్లాడినా గట్టిగనే మాట్లాడాలె.

భూదవ్వ ఏడు గంటల సీరియల్‌ల మనిషి. పెద్దింట్ల వంట చేసేది. మూడేండ్ల కింద పెద్దకోడలు నీళ్ళు తెమ్మంటే బిందె పట్టుకొని బయటికి పోయింది. గంతే, రాసేటోళ్ళు ఆమెను మర్చేపోయిన్రు. ఆ ఇంట్ల మూడు పెండ్లిళ్ళు అయినయ్, ఒకామె చచ్చి మళ్ళ బతికొచ్చింది, గని భూదవ్వ ఏమైందని అడిగినోడు లేడు. ఋతుజకు కడుపు మండింది. ఫోన్ల ఆమె కత మొదలువెట్టింది. ముందుగాల నలభై లైన్లు వచ్చినయ్. బీడీలు చుట్టుకుంట మనసుల తిప్పుకునుడు, అన్నం తిన్నంక ఒక మాట తీసేసుడు, తెల్లారి ఇంకోటి పెట్టుడు. ఇరవై రెండు దినాలు గిదే పని. ఆఖరుకు పదకొండు లైన్లు నిలిచినయ్.

సీరియల్ అభిమానుల గ్రూపుల ఆ కత పెట్టిన తెల్లారే భూదవ్వ బిందెతోని వచ్చి అరుగు మీద కూసున్నది. సుందరాబాయి జరిగి జాగ ఇచ్చి, ఆకు కత్తిరించుడు వస్తదా అని అడిగింది. రాదన్నది. నేర్పిన్రు. రేషన్ కార్డుల పేరు ఎక్కియ్యాల్నా అని గోదావరి ఒక్కపారి అడిగింది.

గ్రూపుకు పెద్ద నిలేష్. అశోక్ చౌక్‌ల మొబైల్ దుకాణం పెట్టుకున్నడు. అదే సీరియల్ హీరో మీద తొంభై భాగాలు రాసిండు, ఇంక రాస్తనే ఉన్నడు మహానుభావుడు. ఒకనాడు గ్రూపుల నోటీసు పెట్టిండు: ఇరవై పేజీలకు తక్కువున్నది కత గాదు, శనివారం ఏడింటికి చిన్నయన్ని తీసేస్తం. మొన్న గ్రూపు గంటసేపు బందైతేనే, సగం చుట్టిన బీడీ చాటల వదిలి భూదవ్వ మాయమైంది, గ్రూపు మళ్ళ నడిచినంకనే వచ్చింది. ఇగ కతనే తీసేస్తే మళ్ళ రాదు.

భయానికి ఋతుజ కతను సాగదీసింది. ఒక తప్పిపోయిన కొడుకును పెట్టింది, ఒక పాముకాటు పెట్టింది. తెల్లారి భూదవ్వ వాచిన కాలు ఈడ్సుకుంట వచ్చింది.

"తీసెయ్ బిడ్డా," అన్నది. "నాకు కొడుకు లేడు, పాము లేదు. నీళ్ళకు పోయిన, తిరిగొచ్చిన. నా కత గంతే."

ఋతుజ అవి తీసేసింది. పగటాల్లకు వాపు దిగింది.

శుక్రవారం ఋతుజ తన నాయన పెంటప్పను వెంటవెట్టుకొని నిలేష్ దుకాణానికి పోయింది. పెంటప్ప సాంచాల మీద పోగులు ముడేసే మనిషి. నిలేష్ కుర్చీలు ఏసిండు, చాయ్ తెప్పిచ్చిండు, పదకొండు లైన్లకు కష్టమేముంటది కాకా, చాయ్ తాగేలోపల అయిపోతది అని నవ్విండు.

పెంటప్ప చాయ్ ముట్టలేదు. "బేటా, కొత్త పడుగు ఎక్కిస్తే రెండువేల నాలుగువందల పోగులు ఒక్కొక్కటి ముడెయ్యాలె. దాని మీద నువ్వు వంద చద్దర్లు నేసినా, మూరెడు గుడ్డ కోసుకున్నా, నా ముడులు గన్నే. నా బిడ్డ ముడులేసింది. నేను చూసిన."

రూల్ అంటే రూలే అన్నడు నిలేష్.

"అయితే తీసెయ్," అని ఋతుజ లేచింది. "ఒక్క లైను గూడ పెంచ."

అన్నదిగాని, ఇంటిదాక కండ్లు తుడుచుకుంటనే వచ్చింది.

శనివారం ఏడైంది. లోపల టీవీల సీరియల్ షురువైంది. ఋతుజ చేతుల ఫోన్ల కత కండ్లముందల్నే పోయింది. భూదవ్వ వేళ్ళు పల్చబడ్డయ్. పట్టుకున్న ఆకు వాటిల్నుంచి కనవడ్డది.

అప్పుడు సుందరాబాయి, చాట మీదికెల్లి తల ఎత్తకుంట అన్నది: "బిందె పట్టుకొని భూదవ్వ బాయికి పోయింది."

సుందరాబాయికి సదువు రాదు. రోజు బిడ్డతోని చదివిచ్చుకొని విన్నది.

"బాయికాడ ఆమె మొఖం ఆమెకు కనవడ్డది," అని గోదావరి రెండోది అందుకున్నది.

మూడోది ఋతుజ అన్నది. నాలుగోది షెడ్డు నుంచి వస్తున్న పెంటప్ప తొవ్వల్నే అన్నడు. ఐదోదానికి పక్క అరుగుల మీది ఆడోళ్ళు కలిసిన్రు. రోజు బీడీలు చుట్టుకుంట విన్న కతనే గదా, ఎవ్వరు తడుముకోలే. తొంభై భాగాలు ఎవ్వరి నోటికొస్తయ్? పదో లైను కాడికి వచ్చేసరికి గల్లీ అంత అంటున్నది, సాంచాల చప్పుడు గూడ ఇనవడలే. భూదవ్వ వేళ్ళు మళ్ళ నిండినయ్.

పదకొండోది ఎవ్వరు అనలే. అది ఆమెది.

"బిందె దించిన," అన్నది భూదవ్వ. "ఇగ ఎవ్వలు లెమ్మన్నా లేవ."

సగంల ఉన్న బీడీకి దారం చుట్టి ముడేసింది. ఋతుజ ఫోన్ బంద్ చేసి పక్కకు పెట్టింది. ఫోన్ బందైనా భూదవ్వ కూసున్నకాడ కూసునే ఉన్నది.

లోపల టీవీల పెద్దకోడలు దాహమైతుందని, నీళ్ళు తెమ్మని పిలిచింది. రెండోపారి గూడ పిలిచింది. భూదవ్వ ఇంకో ఆకు అందుకున్నది.