మానేసినవాళ్ళు

ఫిట్టరు భార్య ఏ పనీ మధ్యలో మానేసిన మనిషి కాదు. సగం ఉతికిన బట్ట ఆమె చేతిలోంచి తీగ మీదికి ఎక్కేది కాదు. తిట్టు కూడా సగంలో మింగేది కాదు, మొత్తం తిట్టాకే మంచినీళ్ళు తాగేది. అలాంటి మనిషి నంబరుకి ఎదురుగా "మధ్యలో మానేశారు" అని అచ్చువేసి గోడకి అంటించారు.

పనివాళ్ళ ఊపిరి మీద చేసిన పరిశోధన ఫలితాల కాగితం అది. దాన్ని ఫోనులో ఫొటో తీసి తెచ్చింది మరదలు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ళు. వంటగది గట్లకి వేసే రాతిపలకలు కోసి, అంచులు నున్నగా రుద్దే షెడ్డు అది. ఆ రాయి కొండలో పుట్టింది కాదు. రాతిపొడిలో జిగురు కలిపి ఫ్యాక్టరీలో పోత పోసింది. కోస్తే పిండిలా లేస్తుంది. ఆ పిండి ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే మళ్ళీ బయటికి రాదు. ఫిట్టరు భార్య పద్నాలుగేళ్ళు పీల్చింది. నిరుడు పోయింది. చెల్లెలు ఇంకా పీలుస్తోంది.

"నలభై ఒకటి అక్క నంబరే కదా బావా? నాది నలభై రెండు. వరసలో నా ముందే నిలబడింది."

"అవును."

"మానేసిందట."

ఫిట్టరు ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేశాడు.

"కింద కూడా చదువు. దుమ్ము వల్ల ఊపిరి తగ్గినట్టు తేడా కనపడలేదట. అది పట్టుకుని మా ఓనరు, దుమ్ము లేవకుండా కోత మిషన్లకి పెట్టిన నీళ్ళ పైపులు సోమవారం పీకించేస్తానంటున్నాడు. నీళ్ళు పడితే పని నత్తనడక నడుస్తోందట. మళ్ళీ నెత్తంతా తెల్లగా చేసుకుని ఇంటికి రావాలి. నా మొగుడు నన్ను చూసి వాళ్ళమ్మ అనుకుని దణ్ణం పెడతాడు."

నవ్వబోయింది గానీ దగ్గు అడ్డొచ్చింది. ఆ దగ్గు ఫిట్టరుకి తెలుసు. అక్కకీ ఇలాగే మొదలైంది.

ఆ పరిశోధన చేసింది ఫిట్టరు పనిచేసే సంస్థే. దుమ్ము పట్టే పెట్టెలకి బొమ్మలు గీసింది ఇంజనీర్లు. రేకు వంచి, మరలు బిగించి, షెడ్డులో వేలాడదీసింది తను. గట్టిగా ఊదితే ఊపిరి ఎంతుందో చెప్పే మిషన్ని రోజూ పొద్దున్నే సరిచూసింది తను. "వచ్చి ఊదవే, సైన్సుకి పనికొస్తావు" అని భార్యని బలవంతాన తీసుకెళ్ళిందీ తనే. మూడేళ్ళలో మూడుసార్లు ఊదాలి. ఆమె రెండుసార్లు ఊదింది. మూడోసారికి మనిషి లేదు.

మర్నాడు పొద్దున్నే లెక్కలమ్మాయి గదికి వెళ్ళాడు. పెట్టెలూ మిషనూ ఇచ్చిన అంకెలన్నీ కంప్యూటరులో పోగేసి ఫలితం తేల్చేది ఆ అమ్మాయే. నోట్లో నాలుక లేని పిల్ల.

"ఈ మాట ఎవరు రాశారు తల్లీ?"

ఫొటో చూసింది. "ఎవరూ రాయలేదు బాబాయ్. మూడోసారి రానివాళ్ళకి కారణం రాసే గడి ఒకటుంది. అది ఖాళీగా ఉంటే, మధ్యలో మానేశారని అదే నింపేసుకుంటుంది."

"అదే అంటే?"

"ప్రోగ్రాము."

"దానికి ఆ తెలివి ఎవరిచ్చారు?"

అమ్మాయి తల దించుకుంది. "నేనే."

"అయితే నువ్వే రాశావు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదా?"

"అడగడానికి ఎవర్నీ పంపలేదు బాబాయ్. మూడుసార్లూ ఊదినవాళ్ళే లెక్క అని పెద్దసారు మొదట్లోనే నియమం పెట్టారు. మిగతావాళ్ళని తీసేశాం."

"ఎంతమంది?"

"నూట అరవైలో ఇరవైముగ్గురు."

"మొదటిసారీ రెండోసారీ ఎంత ఊదారో ఉంటుంది కదా. తియ్యి."

తీసింది. తెరమీద ఇరవైమూడు గీతలు వచ్చాయి. రెండో మూడో తప్ప అన్నీ కిందికి జారుతున్నాయి. కొన్ని జారడం కాదు, పడుతున్నాయి. అమ్మాయి ఆ గీతల్ని అంతకుముందు ఎప్పుడూ విడిగా చూడలేదు. చూడమని ఎవరూ చెప్పలేదు.

ఫిట్టరు పల్లెబడిలో ఏడో తరగతి దాకా చదివాడు. దీనికి అంత చదువు కూడా అక్కర్లేదు. "చచ్చినవాళ్ళని పక్కకి నెట్టి, మిగిలినవాళ్ళని లెక్కపెట్టి, అందరూ బతికే ఉన్నారని తేల్చారు. బాగుందమ్మా మీ శాస్త్రం" అని లేచాడు.

పెద్దసారు దుమ్ము రేణువుల భౌతికశాస్త్రంలో పేరున్నవాడు. గాలిలో రేణువు ఎటు తిరిగి ఎక్కడ వాలుతుందో గీత గీసి చెప్పగలడు. మనిషి లోపల వాలాక ఏం చేస్తుందన్నది ఆయనకి వేరే శాఖవాళ్ళ పని. ఇరవైరెండేళ్ళుగా ఫిట్టరుని "ఏమయ్యా" అన్నవాడు ఆ రోజు "రండి, కూర్చోండి" అన్నాడు. ఆ 'రండి'కే ఫిట్టరుకి ఒళ్ళు మండింది. కూర్చోలేదు.

"మీ ఆవిడ విషయంలో పొరపాటు జరిగింది. ఆవిడ వరకు మార్పిస్తాను."

"మిగతా ఇరవైరెండు?"

"వాళ్ళ సంగతి మనకి తెలీదు కదా."

"తెలీనప్పుడు మానేశారని ఎలా వేశారు సార్?"

"అది మా వాడుక మాట. మనసుకి తీసుకోకండి. వ్యాసం అచ్చుకి వెళ్ళిపోయింది. తర్వాత తీరిగ్గా సవరణ పంపిద్దాం."

"సోమవారం పైపులు పీకేస్తున్నారు. చేతులు కాలాక ఆకులా?"

"పైపులు తియ్యమని మేం చెప్పలేదే! తేడా కనపడలేదన్నాం, అంతే."

"కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి కూడా ఏమీ కనపడదు సార్."

పెద్దసారు మొహం ఎర్రబడింది. 'మీరు' ఎగిరిపోయింది. "చూడవయ్యా, ఆధారం లేకుండా నేనేం మార్చలేను. ఆ ఇరవైముగ్గురూ ఏమయ్యారో కాగితాలతో తీసుకురా, అప్పుడు మాట్లాడదాం. నాలుగు రోజుల్లో ఎవడు తిరుగుతాడు?"

"మీరు మూడేళ్ళలో తిరగనిది నేను తిరుగుతాను" అని మాత్రం అని బయటికొచ్చాడు.

మరదలు ఒంట్లో బాగాలేదని సెలవు చెప్పి స్కూటరు వెనక ఎక్కింది. "ఆ షెడ్డులో ఈ మాటకి అబద్ధం ఆడక్కర్లేదు బావా. అదొక్కటే సుఖం" అంది.

మొదటి ఇంట్లో ఒక తల్లి. కొడుకు పోయి ఎనిమిది నెలలు. సంగతి విని, "మానేశాడన్నారా? ఎవడన్నాడు? పిలు వాణ్ణి" అని చీపురు తీసింది. ఆమెని శాంతపరిచి ఆసుపత్రి కాగితం తీసుకోవడానికి గంట పట్టింది. మూడో ఇంట్లో ఒకావిడ నిక్షేపంగా ఉంది. రాతిపని వదిలేసి పుస్తకాల దుకాణంలో చేరిందట. ఊదడానికి తీరిక లేక రాలేదట.

"ఈమెని రాయకు బావా, మనకే దెబ్బ" అని మరదలు చెవిలో గొణిగింది.

"రాస్తాను. నిజంగా మానేసింది కాబట్టి మానేసిందనే రాస్తాను. వాళ్ళలా రాయడానికి నాకేం పట్టింది?"

ఏడో ఇల్లు ఒక పొడుగాయనది. ఒకప్పుడు నిలువెత్తు పలకని ఒంటిచేత్తో తిప్పిన కోతగాడు. ఇప్పుడు కుర్చీని తిప్పేసుకుని, దాని వీపు మీద రెండు చేతులూ వేసి, వాటి మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. అలా అయితేనే ఊపిరి ఆడుతుందట.

"నేను మానలేదు అన్నా" అన్నాడు. రెండు మాటలకొకసారి ఆగుతున్నాడు. "వచ్చాను. అంతకుముందు రెండుసార్లూ కిందే కదా ఊదాం. మూడోసారి మూడో అంతస్తు అన్నారు. రెండో మలుపు దాకా ఎక్కాను. అక్కడ కూలబడ్డాను. పైనుంచి నా నంబరు పిలిచారు. వినపడింది. మూడుసార్లు పిలిచారు. పలకడానికి గొంతు లేదు. మెల్లగా దిగి వచ్చేశాను."

ఫిట్టరు చేతిలో కలం ఆగిపోయింది.

పెద్దసారుకి మోకాళ్ళ నొప్పి. మెట్లు ఎక్కలేక, కింది గది తనకి ఇప్పించుకున్నాడు. ఆ గదిలో ఉన్న ఊదే మిషను మూడో అంతస్తుకి పోయింది. మరలు విప్పి, భుజానికెత్తుకుని, అన్ని మెట్లూ ఎక్కి, పైన బల్లకి బిగించి వచ్చింది ఎవరో కాదు, ఫిట్టరే. ఊపిరి ఉన్నవాడు కాబట్టి మోశాడు. ఊపిరి లేనివాళ్ళు ఎలా వస్తారన్న ఆలోచన అతనికీ రాలేదు.

ఆ తర్వాత పదిమంది ఇదే చెప్పారు. ఒకరు మొదటి అంతస్తు దాకా, ఒకరు పది మెట్లు, ఒకావిడ గుమ్మంలోంచి మెట్లు చూసి వెనక్కి.

దారిలో ఫిట్టరు స్కూటరు ఆపి, "మిషను పైకి మోసింది నేనే" అన్నాడు. మరదలు అంది, "నువ్వు కాకపోతే ఇంకొకడు మోసేవాడు బావా."

"ఇంకొకడు మొయ్యలేదు కదా. నేను మోశాను."

శనివారం పొద్దున కాగితాల కట్ట లెక్కలమ్మాయి బల్ల మీద పెట్టాడు. తొమ్మిదిమంది పోయారు. పదకొండుమంది మెట్లు ఎక్కలేకపోయారు. ఇద్దరు నిజంగానే మానేశారు. ఒకరి ఆచూకీ దొరకలేదు. దొరకలేదనే రాశాడు.

అమ్మాయి మధ్యాహ్నం దాకా కంప్యూటరులోంచి తల ఎత్తలేదు. తర్వాత ఇద్దరూ కలిసి పెద్దసారు గదికి వెళ్ళారు.

"తేడా ఉంది సార్" అంది. "పోయినవాళ్ళని పోయినట్టే పెడితే చాలా ఉంది. మిషను పక్కన నిలబడి కోసినవాళ్ళకి అందరికంటే ఎక్కువ."

పెద్దసారు అమ్మాయి తెచ్చిన కొత్త గీత వంక చూశాడు. "కమిటీలో పెట్టాలి. ఒక రెండు వారాలు..."

"అయితే వ్యాసంలో నా పేరు తీసేయండి సార్. ఎందుకు తీయమన్నానో పత్రికవాళ్ళకి నేనే రాస్తాను."

నోట్లో నాలుక లేని పిల్ల అన్న మాట అది. పెద్దసారు కలం తీశాడు. మా ఫలితం తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం, దాన్ని చూపించి నీళ్ళు ఆపవద్దు అని రాసి సంతకం పెట్టాడు. గేటు దగ్గర కాచుకుని ఉన్న మరదలు ఆ ఉత్తరం పట్టుకుని షెడ్డుకి పోయింది. గంటకి ఫోను చేసింది. "రెండుసార్లు చదివాడు బావా. మీ సంస్థనీ, నన్నూ, వాళ్ళ తాతనీ తిట్టాడు. పైపులు ఉంచమన్నాడు."

సంగతి విని పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. "పోనీలెండి, అంతా సర్దుకుంది. తప్పు నాదే. క్షమించండి, మనసులో పెట్టుకోకండి."

ఫిట్టరు పనిముట్ల సంచి తీసుకుని మూడో అంతస్తుకి వెళ్ళి మరలు విప్పాడు. మిషన్ని భుజానికెత్తుకుని దిగాడు. పెద్దసారు గది తలుపు కాలితో తోసి, బల్ల మీది ఫైళ్ళు కింద పేర్చాడు.

"ఏంటిది? ఏం చేస్తున్నారు?"

"పదకొండుమంది మూడోసారి ఊదాలి. సోమవారం రమ్మన్నాను."

"మరి నేనెక్కడ కూర్చోను?"

"పైన గది ఖాళీ అయింది సార్" అని, ఫిట్టరు బల్లకి మొదటి బెజ్జం వేశాడు.