లేబుల్ మీద పసుపు

ఆ సోమవారం నేను చేయాల్సిన పనులివి. నెట్ సెంటర్లో లేబుల్ ప్రింట్ తీయించాలి. ఉయ్యాల దుప్పటిని మడత నలగకుండా కవర్లో పెట్టి టేపు వేయాలి. లేబుల్ అంటించాక నాలుగు వైపులా ఫొటో తీయాలి. దుర్గ పిన్ని కళ్లలో వేసుకునే చుక్కల మందు కొనాలి.

అన్నీ చేశాను. అయినా పార్సిల్ తొమ్మిదో రోజున తిరిగి వచ్చింది.

మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. పక్కింటి వెంకటదుర్గ గారిని పిన్నీ అని పిలుస్తాను. ఆవిడ చిన్నప్పటి నుంచి లేసు అల్లుతున్నారు. అల్లినవాటిని ఆన్‌లైన్లో పెట్టి అమ్మడం నా పని. ఆ ఉయ్యాల దుప్పటికి ఆవిడకు ముప్పై రెండు రోజులు పట్టింది. పుణెలో ఉండే ఉమాశ్రీ గారు తమ పాప బారసాల కోసం అడిగిన దుప్పటి అది.

తిరిగొచ్చిన కవరు మీద 'లేబుల్ చదవడానికి వీలు కాలేదు' అని స్టిక్కర్ ఉంది. మెషీన్ చదివే నల్లగీతల మీద సిరా అలుక్కుపోయి పచ్చటి మరక. వాసన చూశాను. పసుపు.

ఫొటోలు తీసి నేను మందు కోసం వెళ్లినప్పుడు పార్సిల్ పిన్ని అరుగు మీదే ఉంది. నేను వచ్చేసరికి కొరియర్ హరిబాబు గారు తీసుకెళ్లిపోయారు. కొత్త చీరకు, కొత్త సైకిలుకు, ఆఖరికి నా డిగ్రీ సర్టిఫికెట్ కవరుకు కూడా పసుపు బొట్టు పెట్టిన మనిషి పిన్ని.

అప్పటికే మా ఆన్‌లైన్ షాపుకు రెండు పార్సిళ్లు తిరిగొచ్చాయి. ఒకసారి కొన్నవాళ్ల తలుపు తాళం, ఒకసారి అడ్రసు దొరకలేదట. మూడోది మా తప్పని తేలితే షాపు ఆపేస్తామని వెబ్‌సైట్ వాళ్లు మెయిల్ కూడా పంపారు. షాపు ఆగితే పిన్ని చేతిలో పని ఆగినట్టే. మిగిలిన దారి ఒక్కటే, సెల్లర్ ప్రొటెక్షన్ కింద క్లెయిమ్ పెట్టుకోవడం. పార్సిల్ మన చేయి దాటాక పాడైందని ఫొటోతో చూపిస్తే తప్పు మనది కాదు. నా ఫోన్లో ఫొటో ఉంది. అందులో లేబుల్ శుభ్రంగా ఉంది.

అది పంపితే తప్పు తీసుకెళ్లిన మనిషి మీద పడుతుంది. అందుకే ముందు హరిబాబు గారిని అడిగాను. నలభై దాటిన మనిషి, మా వైపు పార్సిళ్లన్నీ ఆయన బండి మీదే వెళ్తాయి.

"చూశానండి. తడి పసుపండి," అన్నారు.

"మరి తుడవొచ్చు కదండీ?"

"ఆవిడ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నారండి. ఎదురుగా నిలబడి ఎలా తుడుస్తానండి? మా అమ్మ చూస్తే చేతి మీద ఒక్కటిచ్చేది."

"సందు తిరిగాకైనా తుడవాల్సింది."

"తిరిగాక తుడిచానండి. దాంతోనే అలుక్కుపోయింది."

నాకు నవ్వు వచ్చింది. ఆయన నవ్వలేదు.

"మీ దగ్గర మంచి ఫొటో ఉందిగా, అది పెట్టేయండి మేడం గారూ. నా ఐడీ ఆపేసి పనిలోంచి తీసేస్తే ఇంకో కంపెనీ చూసుకుంటాను. పెద్దావిడకి మాత్రం చెప్పకండి."

ఆ సాయంత్రం ఫోన్లో క్లెయిమ్ ఫారం తెరిచాను. శుభ్రంగా ఉన్న లేబుల్ ఫొటో, మరక పడ్డ లేబుల్ ఫొటో రెండూ పెట్టి, లేబుల్ మా ఇంటి దగ్గరే తడిసిందని, తీసుకెళ్లిన మనిషి తప్పేమీ లేదని రాశాను. ఉమాశ్రీ గారికి కూడా జరిగింది జరిగినట్టు మెసేజ్ పెట్టి, నా నంబర్ ఇచ్చాను.

రెండు రోజులకు క్లెయిమ్ తిరస్కరించారు. షాపు నెల రోజులు ఆపేశారు.

ఉమాశ్రీ గారు మాత్రం ఫోన్ చేశారు. "బారసాల అయిపోయిందండి. ఉయ్యాల ఇంకా కట్టే ఉంది కదా, పోస్టులో పంపండి. లోపల కూడా బొట్టు పెట్టి ఉంటే తుడవకండి," అన్నారు.

పోస్టాఫీసుకు తీసుకెళ్తానని హరిబాబు గారే వచ్చారు. ఆ రోజు ఆయనకు సెలవు. నేను అడ్రసు మీద ప్లాస్టిక్ కాగితం అంటిస్తుండగా పిన్ని పసుపు గిన్నెతో బయటికి వచ్చారు.

"వెనక్కెందుకు వచ్చిందే అమ్మాయ్? నేను పెట్టిన బొట్టు సరిపోలేదా?"

నేను ప్లాస్టిక్ కాగితం అంచుల మీద టేపు నొక్కాను.

"తప్పు నా బండిదండి దుర్గమ్మ గారూ," అన్నారు హరిబాబు గారు. "సెకండ్ హ్యాండ్లో కొన్నాను, పూజా లేదు ఏమీ లేదు. ఈసారి బొట్టు దానికి పెట్టండి."

"అదా సంగతి. ఇన్నాళ్లూ చెప్పవేంటి నాయనా," అని పిన్ని బండి హెడ్‌లైటుకు మూడు బొట్లు, హ్యాండిల్‌కు రెండు పెట్టారు. మిగిలిన పసుపు వృథా ఎందుకని ఆయన హెల్మెట్‌కు కూడా రాశారు. పచ్చటి హెల్మెట్ పెట్టుకుని ఆయన కాలవ గట్టు మీదుగా వెళ్లిపోయారు.

పార్సిల్ ఐదో రోజున పుణె చేరింది. నెల తిరిగాక షాపు మళ్లీ తెరిచారు. పిన్ని ఇప్పుడు ఇంకో దుప్పటి అల్లుతున్నారు.

ఎప్పుడైనా మీ ఇంటికి ఒక లేసు గుడ్డ వస్తే, దాన్ని అల్లిన చేతుల్ని మీరు ఎలాగూ తలుచుకుంటారు. సందు తిరిగేదాకా ఆగి పసుపు తుడిచిన హరిబాబు గారిని కూడా ఒక్కసారి గుర్తు చేసుకోండి.