గుర్రం బెదరని రీడు

తన సాక్సోఫోన్ మూతికి బిగించి ఊదే పలుచని బద్దలు, రెండు రీడులు, పళ్లెంలో పక్కపక్కన పెట్టుకుని ముత్తన్న పొద్దుటి నుంచీ వాటినే చూస్తున్నాడు. ఒకటి కర్రది. వాడీ వాడీ నల్లబడింది, కొసన ఒక మూల సన్నని బీట. రెండోది ప్లాస్టిక్‌ది. పాలరంగులో, కొత్త దువ్వెనలా మెరుస్తోంది. కూతురు విద్యావతి హైదరాబాద్ వెళ్లినప్పుడు బాజాల దుకాణంలో కొని తెచ్చింది.

"ఎంతసేపు సూస్తవ్ బాపూ, పెళ్లిచూపులా ఏంది?" అంది విద్యావతి జడ వేసుకుంటూ.

ముత్తన్న నవ్వలేదు. కుండల్‌వాడి ఊరి పెళ్లి తర్వాత ఆయన నవ్వడం మానేశాడు.

ఆ ఊళ్లో మండుటెండలో బరాత్ ఊరేగింపు నడుస్తుండగా బ్యాండు కాసేపు ఆగింది. ఆ కాసేపట్లోనే సాక్సోఫోన్ మూతిలోని కర్ర రీడు ఎండి వంకర తిరిగి, కొసన బీటిచ్చింది. ముత్తన్న మళ్లీ ఊదగానే పాట రాలేదు, చెవులు చిల్లులుపడే కూత వచ్చింది. గుర్రం వెనక కాళ్ల మీద లేచింది. పెళ్లికొడుకు రాళ్ల మీద పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. బ్యాండుమాస్టర్ బాబురావ్ ఇంటికొచ్చి మెల్లగానే చెప్పి వెళ్లాడు: "ముత్తన్నా, ఇంకోపారి కూత బెడితే గుర్రమన్న ఉండాలె, నువ్వన్న ఉండాలె."

ఇవాళ పెళ్లి పక్కింటి ఇందుబాయి కొడుకుది. గుర్రం మీద పెళ్లికొడుకు ముందు కూర్చునేది ఇందుబాయి మనవరాలు రుక్మ. అయిదేళ్ల పిల్ల. రోజూ విద్యావతి ఒళ్లోనే అన్నం తింటుంది.

"కర్ర నీళ్లు తాగుతది, ఎండుతది, ఒంగుతది," అంది విద్యావతి. పాలిటెక్నిక్‌లో చదివిన పాఠం ఇంట్లో పనికొచ్చే అవకాశం ఆమెకు ఎప్పుడో గాని రాదు. "ఇది తాగది, ఎండది. పొద్దున ఎట్లుంటదో మాపటికి గట్లనే."

"సప్పుడు తగరం డబ్బా లెక్క ఉన్నది గదనే."

"గుర్రానికి సంగీతం రాదు బాపూ. కూత రాకుంటే సాలు."

ముత్తన్న ప్లాస్టిక్‌ది తీసి సాక్సోఫోన్ మూతికి బిగించాడు. కర్రదాన్ని తడిబట్టలో చుట్టి జేబులో వేసుకున్నాడు. "ఉండనియ్యి," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

సాయంత్రం బరాత్ మారుతి గుడి దాకా బాగానే వెళ్లింది. సాక్సోఫోన్ నిజంగానే డబ్బా మోగినట్టే ఉంది, కానీ కూత లేదు. వాడలోని ఆడవాళ్లతో వెనక నడుస్తున్న విద్యావతి ప్రతి పాట చివరా ఊపిరి వదిలింది. రుక్మ గుర్రం మీంచి ఆమెకు చెయ్యి ఊపింది.

గుళ్లో మొక్కడానికి పెళ్లికొడుకు దిగాడు. పిల్ల మాత్రం దిగనంది. బ్యాండువాళ్లకు చాయిలు వచ్చాయి, పొయ్యి మీంచి అప్పుడే వంచినవి.

ముత్తన్న సాక్సోఫోన్ మూతి విప్పి, రీడు తీసి, పొగలు కక్కే చాయి గ్లాసులో నిలబెట్టాడు. ఇన్నేళ్లుగా చేస్తున్న పనే. వేడి చాయిలో ముంచితే కర్ర రీడు నోరు తెరుస్తుందని వాళ్ల బ్యాండులో అందరికీ నమ్మకం. చెయ్యి తన పని తాను చేసింది, ఇవాళ రీడు ఏదో దానికెవరూ చెప్పలేదు.

విద్యావతి రోడ్డుకు అవతల నుంచి చూసింది. పరుగెత్తి వచ్చేసరికి ఆయన దాన్ని బయటకు తీశాడు. కొస ఎండిన ఆకులా ముడుచుకుపోయింది. వేడికి ప్లాస్టిక్ ఎలా మెత్తబడుతుందో ఆమె పరీక్షలో పేజీన్నర రాసింది, మంచి మార్కులే వచ్చాయి. చాయి గురించి మాత్రం ఆ పేపర్లో ఎవరూ అడగలేదు.

"బాపూ, నీళ్లు తాగదని జెప్పిన గదా."

"చెప్పినవ్ బిడ్డా."

బాబురావ్ అటునుంచి కేకేశాడు. "చలా, చలా. ముహూర్తం దాటుతది. పాట ఎత్తు ముత్తన్నా."

జేబులోంచి కర్ర రీడు బయటికొచ్చింది. బీట అలాగే ఉంది. కూత పుట్టేది ఆ బీటలోంచే. దాన్ని తీసేసే ఉపాయం బ్యాండువాళ్లకు తెలుసు: రెండు పావలా బిళ్లల మధ్య రీడు కొసను నొక్కిపట్టి, బయటికి కనిపించే అంచును అగ్గిపుల్లతో కాల్చాలి. ముత్తన్న బిళ్లలు పట్టుకున్నాడు. ఒక బిళ్ల జారి మట్టిలో పడింది.

"ఇటియ్యి," అంది విద్యావతి.

మొదటి పుల్ల గాలికి ఆరిపోయింది. రెండోదాన్ని చాయి పొయ్యి చాటున గీసింది. గడ్డి కాలిన వాసన. బీట ఉన్న అంచు నల్లగా రాలింది. మసి తుడిచి ఇచ్చింది.

"మొద్దుబారింది," అన్నాడు ముత్తన్న వేలితో తాకి. "బలం పెట్టి ఊదాలె. ఏం సప్పుడొస్తదో తెల్వది."

"ఊది సూడు మరి."

"ఈడనా?"

గుర్రం నాలుగు అడుగుల దూరంలో ఉంది. చెవులు రెండూ ఇటే తిరిగి ఉన్నాయి.

విద్యావతి గుర్రం దగ్గరికి వెళ్లింది. పెళ్లికొడుకు అప్పటికే ఎక్కాడు. "రుక్మా, రా, నా సంకకు రా."

"నేను రాను."

"పిల్లను నడుమల దించుడేందే?" ఇందుబాయి అడ్డం వచ్చింది. "మండపం కాడ దించాలె. శుభమా అని పోతుంటే."

"అత్తా, ఒక్క పాట దాక."

"నీ సదువు నీ కాడ పెట్టుకో తల్లీ."

వాదించే సమయం లేదు. డోలు మొదలైంది. విద్యావతి గుర్రం డొక్కకు ఆనుకుని నిలబడి రుక్మ కాలి మడమ పట్టుకుంది. పడితే ముందు తన మీదే పడాలి. గుర్రం ఒళ్లు వేడిగా ఉంది, చర్మం కింద ఏదో సన్నగా వణుకుతోంది.

ముత్తన్న చూశాడు. గుర్రం కాళ్ల పక్కన కూతురు. సాక్సోఫోన్ నోటికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ముందు గాలే వచ్చింది. చప్పుడు లేని గాలి. గుర్రం తల ఎగరేసింది. విద్యావతి పిల్ల మడమను ఇంకా గట్టిగా పట్టుకుంది. తర్వాత ఒక బొంగురు స్వరం, నూతిలోంచి వచ్చినట్టు. దాని వెనక ఇంకొకటి. ఆయన పాటను కింది స్వరాల్లోకి దించేశాడు. కూత ఉండేది పై స్వరాల్లో, అందుకని అటువైపు పోనే లేదు. బాబురావ్ వెనక్కి తిరిగి గుర్రుగా చూశాడు, ముత్తన్న కళ్లు తెరిస్తే కదా. పెళ్లిపాట పాడె వెనక పాటలా సాగుతోంది. గుర్రం చెవి ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి, నడక మొదలుపెట్టింది.

సందు మలుపు దగ్గర స్వరం ఒకసారి చీలబోయింది. ఆయన ఊపిరి ఆపేశాడు. డోలువాడు ఖాళీని నింపాడు. మళ్లీ బొంగురుగా ఎత్తుకున్నాడు. మడమ వదలకుండా పక్కనే నడిచిన విద్యావతి మండపం దాకా గుర్రం కాళ్లు తప్ప ఇంకేమీ చూడలేదు.

మండపం ముందు పాట ఆగింది. మొద్దు రీడును నొక్కిపట్టిన ముత్తన్న కింది పెదవి నుంచి రక్తం గడ్డం మీదికి దిగింది. "గిదేం పాట, ఎవలన్న సచ్చిండ్రా?" అని ఎవరో నవ్వారు. పెళ్లికొడుకు దిగాడు. రుక్మను దించుకోవడానికి ఇందుబాయి చేతులు చాచింది.

"అక్కా, నా కాలు ఇడువు," అంది రుక్మ.

విడుద్దామనే అనుకుంది విద్యావతి. వేళ్లు రాలేదు. ఇందుబాయి ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది. పిల్ల మడమ మీద అయిదు వేళ్లూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.