మూడు రోజుల చాప

డాక్టరమ్మ చెప్పింది చెవికెక్కక కాదు. గురువారం నాడు హనుమకొండ దవాఖానలో సూది వేసి, క్యాలెండర్ మీద వేలు పెట్టి మరీ చెప్పింది.

"ఇయ్యాల్టి నుంచి పద్నాలుగు రోజులు దాటాలె అనసూయమ్మా. అప్పటికీ నెల రాకపోతే, పొద్దుగాల మొదటి మూత్రం సీసాల పట్టి పరీక్ష చేయించు. ముందుగాల ఉరికినవనుకో, గీ సూదిమందే అండ్ల కనపడ్తది, బిడ్డ గాదు. సమజైందా?"

సమజైందని అనసూయ తల ఊపింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆమెకు ఒక తేదీ ఇచ్చిన మొదటి డాక్టరు ఈమే. ఆ తేదీ కోసం పళ్ళు బిగబట్టుకుని కూర్చునేదే. కానీ డాక్టరమ్మకేం తెలుసు? ఆమెకు సుగుణ లాంటి తోడికోడలు లేదు కదా.

సుగుణ, మరిది లక్ష్మీనారాయణ భార్య, ఆ ఇంట్లో కాలు పెట్టి రెండేళ్ళే. పప్పు రుబ్బినా పాటే, బట్టలు ఆరేసినా పాటే. అత్త లక్ష్మీనర్సమ్మను నవ్విస్తుంది కూడా. ఎనిమిదేళ్ళలో పెద్దకోడలికి చేతకాని పని అది. అనసూయ అంటే అసూయ లేనిదని అర్థమట. ఆ పేరు పెట్టిన తాతగారు ముందుచూపు లేని మనిషి.

వరంగల్ బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం నడుపుకునే ఆ ఇంట్లో ఆచారం గట్టిది. నెలసరి వచ్చిన కోడలు వెనక వరండాలో తన చాప పరుచుకుని మూడు రోజులు విడిగా కూర్చోవాలి. ఇంకో కోడలు అన్నం తెచ్చి దూరంగా పెట్టాలి. అందుకే ఆ ఇంట్లో ఎవరి లెక్కా దాగదు. సుగుణ లెక్క సుగుణ కంటే అనసూయకే బాగా తెలుసు.

సూది వేయించుకున్న ఆరో రోజు, బుధవారం నాటికి, నాలుగు రోజుల కిందే పరవాల్సిన సుగుణ చాప ఇంకా గోడకే ఆనుకుని ఉంది.

అనసూయకు కడుపు రగిలిపోయింది. చేదు మాత్రలు మింగింది తను. సూదులు పొడిపించుకుంది తను. శనివారాలు పస్తులున్నదీ తనే. ఈ పిల్లేమో పాటలు పాడుకుంటూ నీళ్ళోసుకుంటుందా! రేపో మాపో నోరు విప్పుతుంది. ఆ తర్వాత తనకు కవలలు పుట్టినా అది ఆ ఇంట్లో రెండో కబురే. పద్నాలుగు రోజులు కావాలంటే డాక్టరమ్మనే ఆగమను.

టానిక్ సీసాను వేడినీళ్ళతో కడిగింది. గుడికని చెప్పి, సీసాను కొంగు చాటున పెట్టుకుని రిక్షా ఎక్కింది. చౌరస్తా దగ్గర ల్యాబు నడిపే కొమురెల్లి చీటీ రాసుకుంటూ అడిగాడు.

"ఈ మధ్య సూదులేమన్న ఏయించుకున్నవా అక్కా?"

"లేదు," అంది అనసూయ, రెప్ప వేయకుండా.

గంట తర్వాత కాగితం చేతికొచ్చింది. పాజిటివ్.

ఇంట్లో చెప్పీ చెప్పకముందే అత్త వంటింట్లోంచి చక్కెర తెచ్చి స్వయంగా నోట్లో పోసింది. కబురు విన్న భర్త సత్యనారాయణ దుకాణం కట్టేసి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక కళ్ళద్దాలు మూడుసార్లు తుడుచుకున్నాడు. అనసూయ చూపు మాత్రం సుగుణ మీదే ఉంది. ఆ పిల్ల ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత వచ్చి గట్టిగా వాటేసుకుంది.

"ఎంత సల్లని మాట చెప్పినవక్కా!"

మర్నాడు పొద్దున్నే సుగుణ వెనక వరండాలో చాప పరిచింది.

అంటే ఆలస్యమైందంతే! అనసూయకు ఎంత సంతోషమయిందంటే, కాసేపు సిగ్గేసింది కూడా. కాసేపే. ఆ మూడు రోజులూ దండిగా అన్నం పెట్టి, పైన నెయ్యి కూడా వేసి తీసుకెళ్ళింది. "నెయ్యి వద్దక్కా," అని సుగుణ ముఖం తిప్పుకుంది. కుళ్ళుకుంటున్నదిలే అనుకుని అనసూయ తృప్తిగా లోపలికి వచ్చింది.

పదిహేనో రోజు శుక్రవారం. తెల్లవారేసరికి పొత్తికడుపులో నొప్పి. స్నానాల గదిలోకి వెళ్ళి చూసుకుంది. ల్యాబు కాగితంలో కనబడింది సూదిమందే, బిడ్డ కాదు. డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. ఇంకొక్క రోజు దాచిపెట్టి వంటింట్లోకి వెళ్దామా అనిపించింది. చివరికి గోడకు ఆనించి ఉన్న తన చాప తీసి వెనక వరండాలో పరుచుకుంది. అత్త చూసింది. చక్కెర డబ్బా తీసి పై అరలో పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం సుగుణ పళ్ళెం తెచ్చింది. వెల్లుల్లి తాలింపు వేసిన పప్పు. గడప దాటిందో లేదో పళ్ళెం కింద పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మోరీ కాలువ దగ్గరికి ఉరికింది. గుడ్లు తేలేసేలా కక్కుకుంది.

"ఏమైందే పిల్లా?" అని లోపలినుంచి అత్త కేకేసింది.

"ఏం లేదత్తమ్మా, పైత్యం!"

అనసూయ పప్పు వంక చూసింది. మొన్న వద్దన్న నెయ్యి గుర్తొచ్చింది. ఆ తర్వాత లెక్క చేసుకోవడానికి ఆమెకు వేళ్ళు కూడా అక్కర్లేకపోయింది.

"ఆ మూడు రోజులు ఉత్తగనే కూసున్నవా?" అంది మెల్లగా.

సుగుణ మూతి తుడుచుకుంది. "నీ సంబురం పాడు చేయ బుద్ధిగాలేదక్కా. రెండు కబుర్లు ఒక్కసారే అయితే నీది సగమైతది గదా. ఎనిమిదేండ్లు ఎదురుచూసినవాయె. నేనింకో నెల ఆగితే ఏంబోతదనుకున్న."

ఇంకో నెల! అనసూయ ఒక్క వారం ఆగలేకపోయింది. ఈ పిల్లేమో కడుపులో బిడ్డను పెట్టుకుని, తన కోసం ముట్టు చాప మీద మూడు రోజులు అబద్ధంగా కూర్చుంది. గొప్పలు పోయి ఉంటే ఓర్చుకునేది. ఇంతకాలం దాని పాటను చూసి, దాని కడుపును చూసి ఏడ్చింది. ఇప్పుడు దాని మనసును చూసి కూడా ఏడవాలి. అదే అన్నిటికంటే ఎక్కువ మండింది.

"అత్తమ్మకు చెప్పు."

"ఇయ్యాల వద్దక్కా. నాలుగు రోజులు పోనీ."

"మళ్ళ జాలి పడ్తానవా నా మీద?"

అనసూయ చాప మీదే లేచి నిలబడి, వంటింటి వైపు తిరిగి గొంతెత్తింది.

"అత్తమ్మా! మన సుగుణ నీళ్ళోసుకున్నది!"

ఆ ఇంట్లో ఆ కబురు ముందుగా చెప్పింది మళ్ళీ అనసూయే.

లక్ష్మీనర్సమ్మ చక్కెర డబ్బాతో ఉరికొచ్చి సుగుణ నోట్లో పోసింది. అనసూయ వైపు తిరిగి, చెయ్యి చాపి, చాప గుర్తొచ్చి ఆగింది. చిటికెడు చక్కెర దూరం నుంచి పళ్ళెం అంచున వేసింది.

అనసూయ కూర్చుని, పప్పు కంటే ముందు ఆ చక్కెరే తిన్నది.