ముట్యాబా హ్యాండిల్ వణుకు

ముట్యాబా బండి హ్యాండిల్ వణుకుతుందన్న సంగతి కాసోజీ కొండ కింద మా బోడా అడ్డాలో, అంటే అద్దెకి మోటారు సైకిళ్ళు నడిపేవాళ్ళ అడ్డాలో, అందరికీ తెలుసు. వాలులో కాస్త వేగం అందుకుంటే చాలు, ముందు చక్రం ఒక పక్కకి పోదామంటుంది, వాడు ఇంకో పక్కకి పోదామంటాడు. వెనక కూర్చున్నవాళ్ళు దారిపొడుగునా దేవుణ్ణి తలుచుకుంటారు. దిగాక మళ్ళీ ఆ బండి వంక చూడరు.

నా పేరు నక్కాజీ. అడ్డా పక్కనే రేకుల బండి పెట్టుకుని చపాతీలో గుడ్డట్టు చుట్టి అమ్ముతాను. మావాళ్ళు దాన్ని రోలెక్స్ అంటారు. బోడా నడిపే కుర్రాళ్ళు మామూలుగా నన్ను అక్కా అంటారు, ఆకలేసినప్పుడు అమ్మా అంటారు. పెనం దగ్గర నిలబడితే ఎవడేం చేస్తున్నాడో చూడకూడదనుకున్నా కనిపిస్తుంది. చూడకూడదని నేనెప్పుడూ అనుకోలేదు, అది వేరే సంగతి.

"ఏరా, ఎవరి అత్తగారి చెయ్యి పట్టుకున్నావురా?" అని తోటి బోడా కుర్రాడు బ్బోసా వాణ్ణి రోజూ ఏడిపించేవాడు. మాలో అల్లుడు అత్తగారిని తాకకూడదు, పక్కన కూర్చోకూడదు, ఎదురుపడితే మొహం తిప్పుకోవాలి. తప్పితే చేతులు వణుకుతాయని మా ముసలివాళ్ళు ఇప్పటికీ గట్టిగా నమ్ముతారు. అందుకని ముట్యాబా హ్యాండిల్ ఊగినప్పుడల్లా అడ్డా అంతా అదే మాట.

"పెళ్ళే కాలేదు, అత్తగారు ఎక్కణ్ణుంచి వస్తుందిరా?" అనేవాడు వాడు ఉడుక్కుంటూ.

"మాకూ అదే అర్థం కావట్లేదు. పెళ్ళి కాకుండానే ఎలా పట్టుకున్నావని!"

నిజానికి వాడి మనసులో ఒక అత్తగారు ఉంది. కొండ మీద కోళ్ళు పెంచే ఆవిడ. ఆవిడ కూతురు నల్వోగా మా వీధి చివర కుట్టు మిషను కొట్లో పనిచేస్తుంది. మాలో తల్లిని బిడ్డ పేరుతో పిలుస్తాం కాబట్టి ఆవిణ్ణి అందరూ మామా నల్వోగా, అంటే నల్వోగా అమ్మ, అంటారు. నా గుడ్లు కూడా ఆవిడ దగ్గరివే. మొగుడు పోయాక ఒంటి చేత్తో నెట్టుకొచ్చిన మనిషి, మాట కత్తి. నల్వోగాని చేసుకోవాలంటే ముందు ఈవిడ ఊ అనాలి. ఈవిడ ఊ అనడం సంగతి అలా ఉంచి, ముట్యాబాకి ఆవిడ ఎదుట నోరు పెగలడమే ఇంతవరకూ జరగలేదు.

ఇలా ఉండగా ఆవిణ్ణి రోజూ సంతకి తీసుకెళ్ళే బోడా అతను కంపాలా వెళ్ళిపోయాడు. ఒకరోజు మామా నల్వోగా నా బండి దగ్గర నిలబడి అడ్డా అంతటికీ వినపడేలా చెప్పింది.

"నాకు రోజూ పొద్దున్నే బండి కావాలి. సోమవారం వచ్చి ముందు మా ఇంటి నుంచి ఇక్కడిదాకా గుడ్లు దింపి చూపించండి. గుడ్లు పగలకుండా దింపినవాడి బండే నేనెక్కుతాను. నా ఎముకలు కూడా గుడ్ల లాంటివే ఇప్పుడు."

చెబుతున్నంతసేపూ ఆవిడ అందరి మొహాలూ చూసింది, ఒక్క ముట్యాబా మొహం తప్ప. నేనది గమనించాను గానీ ఆ పూటకి దాన్ని పట్టించుకోలేదు.

ఆవిడ వెళ్ళగానే ముట్యాబా నా పెనం మీద పడినంత పని చేశాడు.

"అక్కా, ఇదే నాకు దొరికిన దారి! రోజూ ఆవిణ్ణి పువ్వులా దింపుతా. కొన్నాళ్ళు పోయాక ఆవిడే నన్ను ఇంటికి పిలుస్తుంది, చూడు."

"ఒరేయ్, నీకు బుర్రుందా? ఆవిడ నీ వెనకాల కూర్చుని, గుంట వచ్చినప్పుడల్లా నీ నడుం పట్టుకుంటుంది. ఆ తర్వాత ఆవిణ్ణి అత్తగారంటూ ఏ మొహంతో వెళ్తావు? ఒక్కసారి ఎక్కించుకున్నావంటే ఆ ఇంటి గడప నీకు మూసుకుపోయినట్టే."

"అవన్నీ పెళ్ళిమాటలయ్యాక గదక్కా. అప్పటిదాకా ఆవిడ పాసెంజరు, నేను డ్రైవర్ని."

"ఆ చట్టం నువ్వే రాశావా?"

వాడు నవ్వి వెళ్ళిపోయాడు. నల్వోగాకి చెబితే, "నేనూ చెప్పానక్కా. అమ్మ మనసు గెలుస్తానంటాడు, ఆపితే ఆగడు" అని దారం కొరుక్కుంటూ ఏడుపు మొహం పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఇద్దరూ నాకు ఇష్టమైన పిల్లలు. వాడు గెలిస్తే ఓడిపోతాడు. ఆ ముక్క వాడికి తప్ప అందరికీ తెలుసు.

వాడు మాత్రం గెలవడానికి సిద్ధమయ్యాడు. కంపాలాలో పాత సామాన్ల కొట్టు నుంచి ఒక అల్యూమినియం పట్టీ తెప్పించుకున్నాడు. ముందు చక్రం పైన, గతుకుల్లో కిందికీ పైకీ ఆడే ఫోర్కు కాళ్ళు రెంటినీ కలిపి పట్టుకునే ముక్క అది. బ్రేస్ అంటారు. బండితో రాదు, మనమే కొనుక్కుని బిగించుకోవాలి. అది ఉంటే రెండు కాళ్ళూ చెరో దిక్కుకి మెలితిరగవు, హ్యాండిల్ ఊగదు.

ఇక్కడ మా అడ్డా ఆచారం ఒకటి చెప్పాలి. బండి ముందు భాగంలో ఏది కొత్తగా బిగించినా, యజమాని అందరికీ కూల్‌డ్రింకులు తాగించాలి. తాగినవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు ఆ బండెక్కి, ముందు బ్రేకు నొక్కిపట్టి, హ్యాండిల్ మీద బరువు వేసి కిందికీ పైకీ ఊపాలి. అందరికంటే లావు మా చైర్మన్ కాయెంబా. ఆయన ఆఖరున ఎక్కి ఊపాక గానీ మెకానిక్ ముక్వాయా బోల్టులు పూర్తిగా బిగించడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ముక్వాయాకి తీపి ఇష్టం, కాయెంబాకి పెద్దరికం ఇష్టం, అందుకని పెట్టారనుకునేవాళ్ళం.

ముట్యాబా ఈ ఆచారాన్ని ఎగ్గొట్టాడు. అడ్డాలో తెలిస్తే బ్బోసా కూడా అలాంటిదే తెచ్చుకుంటాడని భయం. పైగా చేతుల వణుకుకి మందు తెచ్చుకున్నాడని ఏడిపిస్తారు. ఆదివారం అందరూ చర్చిలో ఉండగా ఇంటి వెనక బండి స్టాండు వేసి, ఒక్కడే కూర్చుని బిగించేశాడు. బోల్టు ఇక తిరగనని మొరాయించేదాకా ఒంట్లో బలమంతా పెట్టి బిగించాడు. ఎంత బిగిస్తే అంత గట్టి అనుకున్నాడు. మగవాళ్ళు చాలా విషయాల్లో అలాగే అనుకుంటారు. తర్వాత ఎవరికీ కనపడకుండా దానిచుట్టూ తన ఫుట్‌బాల్ జట్టు కండువా చుట్టాడు.

సోమవారం పొద్దున అడ్డాకి రాగానే కాయెంబా ఆ కండువా చూశాడు.

"ఏంట్రా, నీ బండికి జలుబు చేసిందా?"

"మంచు కదా చైర్మన్" అన్నాడు ముట్యాబా.

"పోనీ దానికో కప్పు అల్లం టీ కూడా పట్టించు" అన్నాడు బ్బోసా. అందరూ నవ్వారు. వాడు తల దించుకుని కొండెక్కాడు. ఎక్కుతున్నప్పుడే అరచేతులకి గుద్దులు తెలిశాయట. గట్టిగా ఉందంటే మంచిదే గదా అనుకున్నాడట. ఇవన్నీ వాడు తర్వాత చెప్పినవి.

మామా నల్వోగా అప్పటికే నడిచి కిందికి వచ్చి, నా బండి పక్కన స్టూలు మీద కూర్చుంది. ఒంటి మీద సంతకి కట్టే మంచి గొమెసి, మా ఆడవాళ్ళ పొడుగు గౌను, నడుముకి పట్టు పట్టీ. పైన ఇంటి దగ్గర గుడ్ల అట్టలు కట్టి పంపేది నల్వోగా.

మొదట బ్బోసా దిగాడు. సైకిలు తొక్కినంత నెమ్మదిగా దిగాడు. అట్టలు విప్పి చూస్తే ఒకే ఒక్క గుడ్డు చిట్లింది.

"కోడిదే లోపం మామా" అన్నాడు.

"ఈసారి కోడితో మాట్లాడతాలే" అంది ఆవిడ.

తర్వాత మలుపులో ముట్యాబా కనిపించాడు. అడ్డా అంతా లేచి నిలబడింది. హ్యాండిల్ వణకడం లేదు! గీత గీసినట్టు వస్తున్నాడు. ఓరి దేవుడా, వీడు గెలిచేలా ఉన్నాడు అనుకున్నాను. జీవితంలో మొదటిసారి ఒకడి బండి బాగా నడుస్తున్నందుకు ఏడుపొచ్చింది నాకు.

దగ్గరికొచ్చాక చూస్తే బండి నిటారుగా ఉంది గానీ వాడు కాదు. ఎర్రమట్టి రోడ్డు మీద ప్రతి గతుకుకీ ఎగిరెగిరి పడుతున్నాడు. పళ్ళు కొట్టుకోవడం నా పెనం దాకా వినిపించింది. ముందు ఫోర్కు వీసమెత్తు కూడా కిందికి దిగడం లేదు. పెట్రోలు టాంకు మీద కట్టిన అట్టల్లోంచి పచ్చసొన కారి వాడి ప్యాంటు మీదుగా బూట్లలోకి పోతోంది.

వాడు బండి ఆపాడు. అట్టలు విప్పితే బాగున్న గుడ్లని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బ్బోసా నవ్వు ఆపుకోలేక చెట్టు పట్టుకున్నాడు.

మామా నల్వోగా లేచింది. గుడ్ల వంక చూసింది, కండువా వంక చూసింది.

"పోతే పోయాయిలే గుడ్లు" అంది చల్లగా. "హ్యాండిల్ మాత్రం భలే నిలబడింది. నాకు అదే ముఖ్యం. పద, నన్ను సంత దగ్గర దింపు."

గొమెసి కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చెయ్యి ముట్యాబా భుజం మీదికి చాపింది. పెనం మీద చపాతీ మాడుతోంది. తిప్పాలని తెలుస్తోంది గానీ నా చెయ్యి కదల్లేదు. ఒరేయ్ వద్దురా అని అరవబోయాను.

ముట్యాబా నిప్పు తగిలినట్టు వెనక్కి గెంతాడు.

"వద్దమ్మా! మిమ్మల్ని నేను ఎక్కించుకోను!"

"ఎందుకని? నా దగ్గర కోళ్ళ వాసనొస్తోందా?"

"అయ్యో, కాదమ్మా. ఈ బండి మీద మీరు..." చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, తల వంచుకుని, ఇంకా వెనక్కి జరిగాడు. "నా వల్ల కాదమ్మా. ఆ పని బ్బోసాకే ఇవ్వండి."

ఆవిడ చాపిన చెయ్యి మెల్లగా దించుకుంది. మొహం పక్కకి తిప్పుకుంది. తర్వాత ఎండ తగలకుండా నా బండికి కట్టిన దుప్పటి వెనక్కి నడిచి, అక్కడ నిలబడి పిలిచింది.

"నక్కాజీ!"

"ఆఁ, చెప్పు మామా."

"అక్కడ ఒక అబ్బాయి ఉన్నాడు. గుడ్లన్నీ పగలగొట్టాడు. దానికి ఈ ఎండాకాలం అంతా మా కోళ్ళ షెడ్డు తనే బాగుచెయ్యాలని చెప్పు."

వాడు అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. ప్రతి మాటా వాడికి వినపడుతోంది. అయినా ఆవిడ వాడితో మాట్లాడలేదు, నాతో మాట్లాడింది. అత్తగారు కాబోయే మనిషి మా దగ్గర అలాగే మాట్లాడుతుంది. తెర వెనక నుంచి, ఇంకొకరి నోటితో. కాయెంబాకి వెలిగింది. "ఓహో!" అని పెద్దగా అరిచి టోపీ తీశాడు. నాకు కళ్ళు చెమర్చాయి. పొగ వల్ల అని అందరికీ చెప్పాను, మాడిన చపాతీ సాక్ష్యం ఉంది గదా.

"ఒరేయ్ ముట్యాబా, కోళ్ళ షెడ్డు బాగుచెయ్యాలట" అన్నాను.

వాడికి ఇంకా ఎక్కలేదు. "చేస్తానని చెప్పక్కా. కానీ ఆవిడ ఎందుకు అటు పోయి నిలబ..." అని సగంలో ఆగిపోయాడు. నోరు తెరుచుకుంది. పచ్చసొన బూట్లతో అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

మామా నల్వోగా బ్బోసా బండెక్కి, వాడి నడుం గట్టిగా పట్టుకుని సంతకి వెళ్ళిపోయింది. బ్బోసాకి ఎవరి కూతురి మీదా ఆశ లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

ఆ తర్వాత కండువా విప్పించాం. పట్టీ బయటపడింది. ముక్వాయా దాన్ని చూసి నుదురు కొట్టుకున్నాడు.

"ఊపకుండా బిగించావా? ఫోర్కు కాళ్ళు రెంటినీ పీక పట్టుకుని దగ్గరికి లాగేశావు కదరా. ఇంకెలా దిగుతుంది? వదులుగా పెట్టి ఊపితే అవే వాటి చోటు చూసుకుంటాయి, అప్పుడు బిగించాలి. మరి ఇన్నాళ్ళూ అందరూ ఎందుకు ఊపుతున్నారనుకున్నావ్?"

"కూల్‌డ్రింకుల కోసం" అన్నాడు ముట్యాబా.

"అవి నా కోసం. ఊపడం బండి కోసం."

బోల్టులు వదులు చేశారు. సీసాలొచ్చాయి. అందరూ ఎక్కి ఊపారు, ఆఖరున కాయెంబా ఊపితే బండి మూలిగింది. చిట్లిన గుడ్లన్నీ నేను పెనం మీద వేసి అడ్డా అంతటికీ పెట్టాను. ముట్యాబా మాత్రం తినలేదు. నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నాకు భయంగా ఉంది. నేను మర్యాద కోసం వద్దనలేదు. బండి బిగుసుకుపోయింది, ఆవిడ పడిపోతుందని వద్దన్నాను. ఆవిడేమో ఇంకోలా అనుకుంది. నిజం చెప్పెయ్యనా?"

"చెప్పావంటే ఈ అట్లకాడతో కొడతా" అన్నాను.

సాయంత్రం మామా నల్వోగా సంత నుంచి తిరిగొచ్చింది. దూరం నుంచి ముట్యాబాని చూసి, మొహం తిప్పుకుని, నేరుగా దుప్పటి వెనక్కి వెళ్ళింది.

"నక్కాజీ, ఆ అబ్బాయితో చెప్పు, పెళ్ళిమాటలకి వచ్చేటప్పుడు పెద్దవాళ్ళని వెంటబెట్టుకు రమ్మని."

"చెబుతా మామా."

"ఇంకో మాట. ఆ కండువా కింది బోల్టులు వదులు చేసి, ఊపి బిగించుకున్నాడా, లేదా?"

నా చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"ఇప్పుడే... అందరం ఊపాం మామా."

"మంచిది" అంది ఆవిడ దుప్పటి వెనక నుంచి. "నేను ఎక్కకపోతే ఏం? నా కూతురు ఎక్కాల్సింది ఆ బండే."