ప్రాజెక్టు కుర్చీలు

సోములమ్మకి ప్రాజెక్టులంటే బాగా తెలుసు. ముందు జీపు వస్తుంది. జీపులోంచి ఫ్లెక్సీ దిగుతుంది. దాన్ని కట్టి, ఆడవాళ్ళ హక్కుల మీద మాట్లాడి, పులిహోర పొట్లాలు పంచి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. పెదబయలు కొండల్లో ఆ ఫ్లెక్సీల మీద పసుపు ఆరబెట్టుకోని ఇల్లు లేదు. హక్కుల సంగతి ఏమోగానీ పసుపు మాత్రం శుభ్రంగా ఆరుతోంది.

ఈసారి మాత్రం ఆవిడకి ప్రాజెక్టుతో నిజంగానే పని పడింది. మొగుడు పోయి ఏడాదైనా తిరక్కుండా మరిది గాసి వచ్చి కాఫీ తోట నాదన్నాడు. ఆ తోటలో మొక్క నాటింది సోములమ్మ, కలుపు తీసింది సోములమ్మ, మిరియం తీగ పాకించింది సోములమ్మ. గాసి చేసిందల్లా పళ్ళు ఎర్రబడ్డాక వచ్చి 'బాగా కాసింది వొదినా' అనడం. తోట పోతే ఆవిడకి మిగిలేది కూలి పని, అదీ గాసి దగ్గరే. ఆ మాట తల్చుకుంటేనే ఒళ్ళు మండిపోయేది.

ఊరి సభలో చెప్పుకోవచ్చు కదా అంటారా? చెప్పుకోనివ్వాలిగా. ఆ ఊళ్ళో సభ అంటే గుండ్రంగా పాతిన బల్లపరుపు రాళ్ళు, ఇంటికొక రాయి. రాయి మీద కూర్చున్న మనిషికే మాట. నిలబడ్డవాళ్ళు వినొచ్చు, అంతే. ఊరిపెద్ద అప్పన్న కర్ర నేలకి తాటించి సభ మొదలెట్టాక, కూర్చున్నవాళ్ళని తీర్పయ్యేదాకా లేపకూడదు. ఆడవాళ్ళు కూర్చోకూడదని మాత్రం ఎవరూ అనలేదు పాపం. అన్ని రాళ్ళ మీదా మగాళ్ళుంటే ఎక్కడ కూర్చుంటారు? అన్న పోయిన వారంలోనే గాసి అన్న రాయి మీద తువ్వాలు పరిచేశాడు. తన రాయి మీద తను, అన్న రాయి మీద తువ్వాలు.

ఈ గోడంతా సోములమ్మ రమణితో వెళ్ళబోసుకుంది. రమణి ఓ చిన్న మహిళా సంస్థలో పనిచేసే అరకు పిల్ల, చురుకైన గుంట.

"రాళ్ళు దొరక్కపోతే కుర్చీలేసుకుందాం పిన్నీ. కూకోడం కావాల గానీ, దేని మీదైతే ఏటి?" అంది.

సంస్థకి డబ్బులిచ్చే హైదరాబాదు ఆఫీసుకి కుర్చీలు కావాలని రాసింది. వాళ్ళు మానవ హక్కులకి ఇస్తారట, స్త్రీ పురుష సమానత్వానికి ఇస్తారట, కుర్చీలకి మాత్రం ఇవ్వరట. శిక్షణకైతే ఇస్తారట. సరే శిక్షణే అంది రమణి. శిక్షణకొచ్చినవాళ్ళని నేల మీద కూర్చోబెడతామా? టెంట్ హౌస్ నుంచి కుర్చీలు అద్దెకి మాట్లాడింది. శిక్షణ పెట్టింది సరిగ్గా సభ రోజున, సరిగ్గా సభ చోటునే.

ఆ పొద్దున ఎర్ర కుర్చీలు ఆటో మీద ఊగుతూ కొండెక్కాయి. రమణి వాటిని రాళ్ళ పక్కనే వరసగా వేయించింది. మగాళ్ళు సర్దుకున్నాక కూర్చుందామని ఆడవాళ్ళు వెనకే నిలబడ్డారు. అంతలో జీపు ఆగి సౌందర్య మేడం దిగింది. హైదరాబాదు ఆఫీసు మనిషి, ఇచ్చిన డబ్బులు ఏమవుతున్నాయో చూడ్డానికొచ్చింది. మంచి మనిషే. అదే వచ్చిన చిక్కు.

తలలు నెరిసిన మగాళ్ళు రాళ్ళ మీద, కుర్చీలేమో ఖాళీగా. ఆవిడ మనసు కరిగిపోయింది.

"అయ్యో, పెద్దవాళ్ళు రాళ్ళ మీదేంటండీ? వచ్చి కుర్చీల్లో కూర్చోండి" అని ఒక్కొక్కళ్ళని చెయ్యి పట్టుకుని మరీ లేపింది.

రమణి ఆవిడ చెవిలో ఏదో చెప్పబోయింది గానీ వినేదెవరు? మగాళ్ళ చూపూ అప్పటికే కుర్చీల మీద పడింది. వీపు ఆనించుకునే సభ వాళ్ళు పుట్టి ఎరగరు. గాసి అందరికంటే బేగి పోయి చేతులున్న కుర్చీ పట్టాడు, అన్న రాయి మీది తువ్వాలు తీసుకుపోయి దాంతో కుర్చీ దుమ్ము కూడా దులుపుకున్నాడు. అప్పన్న ఒక్కడే కదల్లేదు. "ఆటి కాళ్ళు వొంగిపోతాయమ్మా, నాకొద్దు" అన్నాడు.

సోములమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది.

"నీ ప్రాజెక్టు తగలెయ్య. మగోళ్ళకి కుర్సీలెయ్యడానికా గుంటా ఇంత సేసింది?" అంది. రమణి మొహం మాడిపోయింది.

"మీరూ నిలబడకండమ్మా, ఎక్కడో ఓ చోట కూర్చోండి" అంది మేడం.

సోములమ్మ విసుగ్గా ఎదురుగా ఉన్నదాని మీద కూలబడింది. చల్లగా తగిలాక చూసుకుంది, మొగుడి రాయి. పక్క రాయి మీద కనక కూర్చుంది. కనక గాసి పెళ్ళాం, సోములమ్మకి తోటికోడలు. వాళ్ళని చూసి మిగతా ఆడవాళ్ళూ తలో రాయీ ఎక్కారు. మగాళ్ళు కుర్చీల్లో వెనక్కి వాలి చూసుకునే హడావుడిలో ఉన్నారు. అప్పన్న కర్ర తాటించాడు.

సభలో మాటంతా ఆ కొండల్లో వాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకునే ఒరియాలోనే. గాసి కాలు మీద కాలేసుకుని "మా అన్న తోట సంగతి" అని ఎత్తుకున్నాడు.

"నీ రాయేదిరా?" అన్నాడు అప్పన్న.

గాసి చూశాడు. రాయి మీద పెళ్ళాం ఉంది.

"కుర్చీలో కూర్చున్నాను కదా పెద్దయ్యా."

"కుర్చీ టెంట్ హౌస్ వాడిది. సాయంత్రం పట్టుకుపోతాడు. దాని మీద చెప్పిన మాటని ఏ ఊరెళ్ళి వెతుక్కోమంటావు? రాళ్ళ మీద వాళ్ళు చెప్పండి."

సోములమ్మకి అప్పుడు వెలిగింది. అనుకున్నట్టే కుర్చీలో కూర్చుని ఉంటే తన మాటకీ అదే గతి. ఇక ఆగకుండా చెప్పింది. ఆ తోట నా చేతులతో వేసుకున్నాను, అది పోతే నాకు బతుకు లేదు అంది. అప్పన్న వరసగా ఒక్కో రాయినీ అడిగాడు. ఒక్కొక్కత్తే తోట సోములమ్మదే అంది. కనక వంతు వచ్చింది. గాసి కళ్ళతోనే బెదిరించాడు, కళ్ళతోనే బతిమాలాడు.

కనక మొగుడి వంక చూళ్ళేదు. "తోట అక్కదే. రేపు ఈయన పోతే నన్నూ ఇలాగే నిలబెడతారు" అంది.

అప్పన్న రాళ్ళన్నీ ఒకసారి కలయజూశాడు. తర్వాత "తోట సోములమ్మది" అని కర్ర తాటించాడు. గాసి కుర్చీలో బిగుసుకుపోయాడు.

ఒరియా ముక్క రాని మేడం అంతసేపూ నవ్వుమొహంతో కూర్చుంది. "పాపం, చాలాసేపు ఓపిక పట్టారు. ఇక శిక్షణ మొదలెడదామా?" అని రమణిని అడిగింది.

"అయిపోయింది మేడం" అంది రమణి కళ్ళు తుడుచుకుంటూ.

తీర్పయింది కాబట్టి ఇక లేవొచ్చు. ఒక్క ఆడది కూడా లేవలేదు.